ముప్పావు స్వరం పైన

ఆ నలుగురి బ్యాండుకి ఒక నియమం ఉండేది. రాసి గోడకు తగిలించిందేం కాదు, అలవాటు కొద్దీ వచ్చింది. వాయిద్యాలు శ్రుతి చేసుకోవడానికి ఎవరూ ఏ మీటరూ ముట్టుకోకూడదు. మేస్త్రి కళ్ళు మూసుకుని ముక్కుతో "ఊఁ" అని ఒక స్వరం పట్టుకుంటాడు. మిగతావాళ్ళు తీగలు బిగించుకునో, వదులు చేసుకునో దానికి కలుపుకోవాలి. అంతే, ఇక దాని మీద మాట్లాడేది లేదు.

మేస్త్రి అంటే ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు. పియానోలు శ్రుతి చేసి బతికేవాడు. నలభై ఏళ్ళొచ్చాయి, పెళ్ళి చేసుకోలేదు, చేసుకోమని అడిగి అడిగి చుట్టాలే విసిగిపోయారు. బ్యాండులో బేస్ గిటార్ అతనిది. పాడేది అతని చెల్లెలు. ఆమెకి పగలంతా బస్‌స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే ఉద్యోగం. లీడ్ గిటార్ ఆమె మొగుడిది. లిఫ్టులు బాగుచేస్తాడు, మేస్త్రికి బావ, గిటార్ కన్నా నోరు ఎక్కువ వాయిస్తాడు. డ్రమ్ముల దగ్గర గుండు. బేకరీలో పొయ్యి ముందు నిలబడేవాడికి జుట్టెందుకని నున్నగా గీయించుకుంటాడు, అందుకే ఆ పేరు. అసలు పేరు పెట్టి పిలిస్తే అతనే పలకడు.

మేస్త్రి చెవి మీద వాళ్ళకి నమ్మకం ఊరికే రాలేదు. తొలిరోజుల్లో బావ ఒకసారి పందెం వేసి, ఫోన్లో మీటరు పెట్టుకుని కూర్చున్నాడు. మేస్త్రి "ఊఁ" అనగానే ముల్లు వెళ్ళి నట్టనడుమ నిలబడింది. భోజనం మధ్యలో అనిపించాడు, మెట్లెక్కించి ఆయాసంలో అనిపించాడు, కునుకు తీస్తుంటే తట్టిలేపి అనిపించాడు. ముల్లు అటూ ఇటూ జరిగితే ఒట్టు. "బావా, నువ్వు మనిషివి కాదు, ఇనప ముక్కవి" అని దణ్ణం పెట్టేసి, ఆ మీటరు ఫోన్లోంచి తీసేశాడు. అది జరిగి పదకొండేళ్ళు.

పదకొండేళ్ళకి, చిన్నాచితకా హాళ్ళలో వాయించి వాయించి, ఇప్పుడు మొదటి ఆల్బం. పేరు "తడి రంగు". తొమ్మిది పాటలు. తొమ్మిదింటికీ గోడల మీద కనిపించే బోర్డుల పేర్లే పెట్టారు. అది చెల్లెలి ఆలోచన, బస్‌స్టేషన్లో కూర్చుంటే కళ్ళకి కనిపించేవి అవే మరి. ఒక చిన్న కంపెనీ విడుదల చేస్తానని ఫారం పంపింది. అందులో "సంగీతం రకం" అని ఒక గడి. పేచీ అంతా ఆ గడి దగ్గరే వచ్చింది. "లిఫ్టు పనిచేయదు" అనే పాట జోలపాటలా మొదలై, చివరికి గిటార్లు గుక్కపట్టి ఏడ్చినట్టు అయిపోతుంది. "క్యూలో రండి" సిపాయిల కవాతు దరువు, దాని కింద ఒళ్ళు ఊగించే బేస్. "కుక్క ఉన్నది" నలుగురూ గొంతులు కలిపి ప్రార్థనలా పాడేది. అందులో గుండు డ్రమ్ములు మానేసి పిండి కలిపే తొట్టిని బోర్లించి చరుస్తాడు.

"రాక్ అని రాసేయ్," అన్నాడు బావ.

"రాక్ అయితే మా ఆవిడ వింటూ నిద్రపోదుగా," అన్నాడు గుండు.

చెల్లెలు విసుగెత్తి గడిలో "అన్నీ" అని రాసి పంపింది. కంపెనీ వాళ్ళు "దయచేసి ఒక్కటే రాయండి" అని తిప్పి పంపారు. ఆ ఫారం ఇంకా అలాగే ఉంది.

ఇక్కడొక సంగతి ముందే చెప్పేయాలి, దాచి లాభం లేదు. ఆ ఆల్బం మొదలుపెట్టిన నెలలోనే మేస్త్రి చెవి తప్పింది.

అతనికి కుడి దవడలో నరం నొప్పి వచ్చింది. నొప్పంటే పంటినొప్పిలాంటిది కాదు. మంచినీళ్ళు తాగితే, గడ్డం గీసుకుంటే, కిటికీలోంచి చల్లగాలి తగిలితే కరెంటు తీగ ముట్టుకున్నట్టు కొట్టేది. వారం రోజులు ఎడమ పక్కతో గంజిలాంటివే తాగి బతికాడు. డాక్టరు మాత్రలు రాశాడు. మూడో రోజుకి నొప్పి ఎటుపోయిందో పోయింది. పదో రోజున మేస్త్రి ఎవరింట్లోనో పియానో మూత తీసి, జేబులోంచి ట్యూనింగ్ ఫోర్క్ తీసి మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఫోర్కు ఉండాల్సిన స్వరం కన్నా దిగిపోయి మోగింది.

ఉక్కు ఫోర్కు. పద్దెనిమిదేళ్ళుగా ఒకే స్వరం పలికింది. ఇంకెవరైనా అయితే తన చెవినే అనుమానిస్తారు. మేస్త్రి ఫోర్కుని అనుమానించాడు. అరిగిపోయిందనుకుని దాన్ని ఇంటికి తెచ్చి, కింది సొరుగులో ఉన్ని ముక్కల అడుగున పడేశాడు. ఆ తర్వాత వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ పియానోలు కిందికి దిగిపోయి కనిపించాయి. చలికి గాలి పొడిబారింది, చెక్క ఎండింది అనుకున్నాడు. కొన్నిటిని కొంచెం కొంచెం పైకి లాగాడు. రెండిళ్ళలో తీగలు తెగాయి.

మాత్రల పెట్టెలో మడిచిన కాగితం ఉంటుంది కదా, ఎవరూ చదవరు. మేస్త్రి చదివాడు. చిన్న అక్షరాల్లో ఎక్కడో కింద, కొందరికి శబ్దాలు ఉన్నదానికన్నా తక్కువ స్థాయిలో వినిపించవచ్చు, మందు ఆపితే సర్దుకుంటుంది అని ఉంది. ఆ వాక్యం రెండుసార్లు చదివి, ఎలా మడిచి ఉందో అలాగే మడిచి లోపల పెట్టేశాడు. మందు ఆపితే దవడ. ఆపకపోతే చెవి. చెవి పోతే అతను చేసే పనీ లేదు, బ్యాండులో అతని మాటకి విలువా లేదు. అతనికి భయమేసింది. భయమేసిందని ఎవరికీ చెప్పలేదు, తనకి తాను కూడా గట్టిగా చెప్పుకోలేదు.

ఆదివారం ఆదివారం పొద్దున్నే అతని షెడ్డులోనే రికార్డింగు. పొడుగాటి గది. ఒక గోడకి మూతలూడిన పియానోలు వరసగా నిలబెట్టి ఉంటాయి, బల్ల మీద సుత్తులు, జిగురు డబ్బాలు, మీటల దంతపు ముక్కలు. బావ ల్యాప్‌టాప్, నాలుగు మైకులు, కిటికీలకి దుప్పట్లు. మేస్త్రి "ఊఁ" అనేవాడు. అందరూ కలుపుకునేవాళ్ళు. నిజానికి ఆ "ఊఁ" ఉండాల్సిన చోటికి ముప్పావు స్వరం పైన ఉండేది, అంటే పక్క మెట్టుకి చేరీ చేరనట్టు. ఎవరూ అడగలేదు. ఎందుకడుగుతారు?

బావ గిటారు తీగలు మాత్రం టపటపా తెగేవి. "ఆ కొట్టువాడు నకిలీ సరుకు అంటగట్టాడు, వాడి సంగతి చూస్తా" అని బావ ఒంటికాలి మీద లేచేవాడు. మూడు కొట్లు మార్చాడు. మూడు కొట్లవాళ్ళనీ తిట్టాడు. చెల్లెలి గొంతు బొంగురుపోయింది. పైస్వరాల దగ్గర మెడనరాలు తేలేవి. వేడినీళ్ళు, పుక్కిలింతలు, మెడకి మఫ్లరు. బస్‌స్టేషన్లో పైఅధికారి పిలిచి, "అమ్మా, నువ్వు చెప్పే బస్సులు జనానికి అర్థంకావట్లేదట" అన్నాడు. అయినా ఎనిమిది పాటలు అయ్యాయి. వింటే వాటిలో ఏదో పట్టు ఉంది. ఆమె ప్రతి పాటలోనూ మెట్లు ఎక్కలేక ఎక్కుతున్న మనిషిలా పాడింది. గుండు హెడ్‌ఫోన్లు తీసి, "నాకు ఒళ్ళు జలదరించింది" అన్నాడు. అతను అలాంటి మాటలు ఊరికే అనడు.

తొమ్మిదో పాటకి క్లారినెట్ కావాల్సి వచ్చింది. "దారి మూసివేయబడింది" అనే పాట. మధ్యలో అన్నీ ఆగిపోయి ఒక్క క్లారినెట్ మోగాలని బావ పట్టుబట్టాడు. నాటకశాల వాద్యబృందంలో వాయించే ఒకావిడని గుండు తీసుకొచ్చాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ, పని ఎక్కువ. పెట్టె తెరిచి, ముక్కలు బిగించి, రెండు ఊదులు ఊదింది. బ్యాండు మొదలుపెట్టింది. ఆవిడ నాలుగు స్వరాలు కలిపి ఆపేసింది.

"మీరు చాలా పైన ఉన్నారండీ," అంది.

"చల్లగా ఉంది కదా, మీ వాయిద్యం దిగింది," అన్నాడు మేస్త్రి. "ఇంకాస్త ఊది వేడెక్కించండి."

ఆవిడ పది నిమిషాలు ఊదింది. మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి రెండు స్వరాలకే ఆపేసింది.

"నేను కిందికి దిగమంటే దిగగలను, ఈ ముక్క కాస్త బయటికి లాగితే సరిపోతుంది. పైకి ఎక్కలేను. మీరు అటు పక్క స్వరమూ కాదు, ఇటు స్వరమూ కాదు. మధ్యలో వేలాడుతున్నారు. ఎవరి శ్రుతి ఇది?"

బావకి నవ్వొచ్చింది. "మా బావ చెవిది. ఆ చెవిని పదకొండేళ్ళుగా ఎవడూ తప్పుపట్టలేదు."

"చెవి మాట చాలదండీ," అని ఆవిడ పెట్టెలోంచి అరచేతిలో పట్టేంత మీటరు తీసి బల్ల మీద పెట్టింది. "ఒక్క స్వరం ఇవ్వండి."

మేస్త్రి ఇవ్వకపోవచ్చు. తలనొప్పి అని చెప్పి ఆ రోజుకి లేచిపోవచ్చు. ఆ ఆలోచన వచ్చింది కూడా. కానీ అందరూ చూస్తున్నారు. కళ్ళు మూసుకుని "ఊఁ" అన్నాడు. కళ్ళు తెరిచేసరికి ముల్లు కుడిపక్కకి వెళ్ళి అక్కడే ఆగి ఉంది. బావ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు.

"మీటరు పాడైందేమో," అన్నాడు గుండు.

 మేస్త్రి బేస్ గిటారు పక్కన పెట్టి, ఎవరినీ చూడకుండా మొత్తం చెప్పేశాడు. నొప్పి, మాత్రలు, కాగితంలో వాక్యం, సొరుగులో ఫోర్కు. ఏదో సామాను జాబితా చదివినట్టు చెప్పాడు. చెప్పడం అయ్యాక, "ఎనిమిది పాటలూ పోయినట్టే. నా వల్లే," అన్నాడు.

బావ తన గిటారు తీగల వైపు చూశాడు. మూడు కొట్లవాళ్ళూ గుర్తొచ్చి ఉంటారు.

అప్పుడు చెల్లెలు అంది, "నాకు తెలుసన్నయ్యా."

"ఏం తెలుసు?"

"శ్రుతి పైకి వెళ్ళిందని. రెండు నెలలైంది." మఫ్లరు విప్పి చేతికి చుట్టుకుంటూ చెప్పింది. "మా స్టేషన్లో మైకుకి ముందు గంట మోగుతుంది కదా, దాని స్వరం పట్టుకునే 'లిఫ్టు పనిచేయదు' కట్టాం. ఒక సోమవారం గంట మోగితే, నా నోట్లో ఉన్న పాట దానికి పైన ఉంది. గంట పాడైందనుకున్నా. తర్వాత ఫోన్లో చూసుకున్నా."

మేస్త్రి మొహం కందగడ్డలా ఎర్రబడింది. "రెండు నెలలు నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"ఎలా చెప్పను? ఆ చెవి తప్ప నీకింకేముందన్నయ్యా?"

అనేసింది. అన్నాక ఆ మాట ఎలా ఉందో ఆమెకే వినిపించింది. గుండు తల తిప్పుకుని తొట్టిలో లేని పిండిని గోకడం మొదలుపెట్టాడు. క్లారినెట్ ఆవిడ తనకి సంబంధం లేని ఇంట్లో ఉన్నట్టు గోడ వైపు చూసింది.

"ఈ రెండు నెలల్లో ముప్పై ఒక్క ఇళ్ళకి వెళ్ళాను," అన్నాడు మేస్త్రి. అరవలేదు. అరిచినా బాగుండేది. "పిల్లలు ఆ పియానోల మీద నేర్చుకుంటున్నారు. రెండిళ్ళలో తీగలు తెంపాను. చెక్క ఎండిందని ఆ ఇంటివాళ్ళకి అబద్ధం చెప్పాను. నువ్వు ఒక్క మాటంటే, ఒక్క మాట... నామీద జాలిపడి నీ గొంతు పాడుచేసుకుంటావా? ఎవరడిగారు నిన్ను?"

"మాత్రల సంగతి నువ్వు చెప్పావా?" చెల్లెలికీ కోపం వచ్చింది, కళ్ళలో నీళ్ళతో సహా వచ్చింది. "వారం రోజులు గంజి తాగావట. ఇవాళ తెలుస్తోంది నాకు, ఈవిడెవరో మీటరు పెడితే!"

ఇద్దరూ ఒక తల్లి పిల్లలే, మొండితనంలో ఒకళ్ళకి ఒకళ్ళు తీసిపోరు. మేస్త్రి లేచి బయటికి వెళ్ళి షెడ్డు మెట్టు మీద కూర్చున్నాడు. ఎదుటి వీధిలో ఎవరో ట్రక్కులోంచి పరుపు దించుతున్నారు. ముగ్గురు పట్టుకున్నా అది మధ్యలో మడతపడిపోతోంది. అతను అది పూర్తిగా దించేదాకా చూశాడు. చెల్లెలి మీద కోపం కన్నా సిగ్గు ఎక్కువగా ఉంది. ఇంకో సంగతి కూడా తెలిసింది: రెండు నెలలుగా మోస్తున్న బరువు దిగింది. అది ఒప్పుకోవడం అతనికి ఇష్టం లేకపోయింది.

కాసేపటికి బావ వచ్చి పక్కన కూర్చున్నాడు. "కంప్యూటర్లో అన్నిటినీ కలిపి కిందికి దింపచ్చు బావా. ఇప్పుడే ఒకటి దింపి చూశాను," అన్నాడు.

"ఎలా ఉంది?"

"దరిద్రంగా ఉంది. నా పెళ్ళాం మత్తుమందు తాగి పాడినట్టుంది." కాస్త ఆగి, "గుండు ఏమంటున్నాడంటే, అలాగే వదిలేయమంటున్నాడు. ఆ పాటల్లో ఉన్నదే ఆ పెనుగులాట, అది తీసేస్తే ఏం మిగులుతుందంటున్నాడు. నీ చెల్లెలికి కూడా అదే ఇష్టం."

"గొంతు?"

"నెల రోజులు పాడదు. మైకు దగ్గర వేరేవాళ్ళని పెట్టమని చెప్పింది. ఈ ఒక్క పాటా అయ్యాక."

"ఈ పాట మాత్రం నా శ్రుతిలో వద్దు," అన్నాడు మేస్త్రి.

లోపలికి వచ్చి క్లారినెట్ ఆవిడ ముందు నిలబడ్డాడు. "మీరు ఇవ్వండి," అన్నాడు. ఆవిడ క్లారినెట్ ఎత్తి ఒక్క స్వరం పొడుగ్గా ఊదింది. బావ, చెల్లెలు దానికి కలుపుకున్నారు. మేస్త్రి తన తీగల్ని దానికి దించాడు. చెవిలో నీళ్ళు పోయినప్పటిలా ఉంది అతనికి. ప్రతి స్వరమూ ఉండాల్సిన చోటు కన్నా కింద పలుకుతోంది, చెయ్యి పైకి లాగమంటోంది. లాగలేదు. చెవిని పక్కన పెట్టి వేళ్ళకి గుర్తున్న చోట్ల వేళ్ళు పెట్టి వాయించాడు. ఇరవై ఏళ్ళ నుంచి సంగీతం వాయిస్తున్న మనిషి మొదటిసారి తను ఏం వాయిస్తున్నాడో తెలియకుండా వాయించాడు.

మధ్యలో అందరూ ఆగిపోయారు. క్లారినెట్ ఒక్కటే మోగింది. మళ్ళీ అందరూ అందుకున్నారు. పాట అయింది.

బావ ల్యాప్‌టాప్ మీద మీట నొక్కాడు. గుండు డ్రమ్ముల పక్కనున్న ఇత్తడి తాళాల మీద చెయ్యి పెట్టి మోత ఆపాడు. పదకొండేళ్ళ అలవాటు కదా, ఏమీ అనుకోకుండానే ముగ్గురూ మేస్త్రి వైపు తిరిగారు.

మేస్త్రి గిటారు మెడ పట్టుకుని కూర్చున్నాడు. "నాకు తెలియట్లేదమ్మా," అన్నాడు చెల్లెలితో. "నువ్వు చెప్పు."

బాగుందన్నయ్యా అనడం చాలా తేలిక. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అన్న మొహం చూస్తే ఎవరైనా ఆ మాటే అనేవారు.

"బాలేదన్నయ్యా," అంది. "రెండో చరణంలో నువ్వు వెనకబడ్డావు. అదీగాక నీ కింది తీగ పైకి వెళ్ళింది, మధ్యలో నీకు తెలియకుండానే బిగించావు."

 మేస్త్రి తల వంచి గిటారు చివరి మరని పట్టుకున్నాడు. కొంచెం తిప్పి తీగ మీటాడు.

"ఇక్కడా?"

"ఇంకా కిందికి."

తిప్పాడు. "ఇక్కడ?"

"ఇంకొంచెం... ఇంకొంచెం అన్నయ్యా... ఆఁ, చాలు."

అతను అక్కడ ఆపాడు.